చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు: వేరే ట్యాంకులో పెట్టి నయం చేయడం ఎలా

నిన్న రాత్రి దాకా హాయిగా తిరిగిన చేప ఈ పొద్దున గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే తోక మీద, పక్క రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెక్కలు ఒంటికి ముడుచుకుని, ఫిల్టరు నీళ్లు పడే చోటే నిలబడి గబగబా మొప్పలాడిస్తోంది. మంచినీటి చేపలు పెంచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే జబ్బే ఇది. ఇక్ అంటారు, వైట్ స్పాట్ అని కూడా అంటారు. వదిలేస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసేస్తుంది. తొందరగా గుర్తుపట్టి, పద్ధతి తప్పకుండా ఓపిగ్గా చేస్తే మాత్రం చాలా చేపలు బతుకుతాయి.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

మందు సీసా ముట్టుకునే ముందు నీళ్లు పరీక్షించండి. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలైన అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ పెరిగినా చేపలు ఇలాగే రాళ్లకు రాసుకుంటాయి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఈ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చి, ఒక పూట చూడండి. సమస్య అక్కడితోనే తీరిపోవచ్చు.

నీళ్లు బాగానే ఉంటే, గదిలో లైటు తీసేసి టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుని చేపను చూడండి. ఇక్ చుక్కలు విడివిడిగా, కాస్త ఉబ్బెత్తుగా, ఎంత పెద్దవైనా ఒక మిల్లీమీటరు వరకే ఉంటాయి. అంతకన్నా బాగా సన్నగా, బంగారు రంగు పొడి అద్దినట్టు కనిపిస్తే అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి. దూది పింజలాగా ఉంటే ఫంగస్ అయి ఉండొచ్చు. మగ గోల్డ్‌ఫిష్‌లకు జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు అంచు మీద తెల్లటి బొడిపెలు వస్తాయి. ఆ చేప చురుగ్గా ఈదుతూ, మేత బాగా తింటూ ఉంటుంది. దాన్ని జబ్బనుకుని మందు పోయకండి.

ఇంకో చిక్కుంది. ఒక్కోసారి ఇక్ మొప్పల్లో మాత్రమే ఉంటుంది. ఒంటి మీద చుక్కే కనబడదు, చేప మాత్రం ఊపిరి అందక అల్లాడుతుంది. అదే ట్యాంకులో ఇంకో చేపకు చుక్కలుంటే దీనికీ అదే జబ్బని అనుకోవాలి.

చుక్క మాయమైతే జబ్బు పోయినట్టు కాదు

ఈ ఒక్క భాగం మాత్రం నిదానంగా చదవండి. మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ పరాన్నజీవి పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫూకే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరిది. బోలెడు పిల్లలున్న చేప పేను అని దాని అర్థం. పేను కాదు, ఏకకణ జీవి. పిల్లల మాట మాత్రం నిజం.

మీకు కనిపించే చుక్క చేప చర్మం పైపొర కింద దూరి, అక్కడే తిని పెరుగుతున్న దశ. దాని మీద చేప చర్మమే కప్పులా ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిపిన మందు దాన్ని చేరదు. పెరగడం పూర్తయ్యాక అది చేపను వదిలి కిందికి రాలిపోతుంది. రాళ్లకో, ఆకులకో, అద్దానికో అతుక్కుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూడు లోపలికీ మందు సరిగా వెళ్లదు. లోపల అది రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ వందల్లో చీలుతుంది, కొన్నిసార్లు వెయ్యి దాకా. గూడు పగిలి ఆ పిల్లలు బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. సుమారు రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చాలావరకు చచ్చిపోతాయి. మందుకు గానీ ఉప్పుకు గానీ ఇవి దొరికేది ఈ ఈదే దశలోనే.

అంటే కనిపించేదాన్ని మనం చంపలేం. చంపగలిగేది కంటికి కనిపించదు. నీళ్లు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఈ చక్రం ఇంచుమించు వారంలో తిరుగుతుంది. చల్లటి నీళ్లలో వారాల తరబడి సాగుతుంది. ట్యాంకులోని జీవులన్నీ ఒకే దశలో ఉండవు కాబట్టి, అన్నీ ఈదే దశకు వచ్చేదాకా నీళ్లలో మందు ఉండాలి.

మొదటిసారి నాకిది తెలియదు. నియాన్ టెట్రాల గుంపుకు మందు మొదలుపెట్టిన నాలుగో రోజుకు చుక్కలన్నీ పోయాయి. ఎంత సంతోషం వేసిందో. వెంటనే మందు ఆపేసి, నీళ్లు మార్చేశాను. వారం తిరక్కుండానే ముందుకన్నా ఎక్కువ చుక్కలు వచ్చాయి. అప్పటికే నీరసించిన చేపలు ఈసారి తట్టుకోలేకపోయాయి, గుంపులో రెండే మిగిలాయి. అవి నాలుగో రోజున నయం కాలేదు, చుక్కలు పిల్లలు పెట్టడానికి కిందికి దిగాయంతే. ఇప్పుడు మందు మొదలుపెట్టిన రోజే క్యాలెండరులో ఆపాల్సిన తేదీ కూడా రాసి పెట్టుకుంటాను.

ఒక్క చేపనే తీయాలా, అన్నిటినీ తీయాలా?

చుక్కలున్న చేపను మాత్రమే వేరు చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్ విషయంలో సరిపోదు. ఒక చేప మీద చుక్క కనబడే సమయానికి మిగతావాటికీ అంటుకునే ఉంటుంది, రాళ్ల మధ్య గూళ్లూ ఉంటాయి. కాబట్టి దారులు రెండే. ట్యాంకులో మొక్కలు, రొయ్యలు, నత్తలు లేకపోతే చేపలన్నిటినీ అక్కడే ఉంచి మొత్తం ట్యాంకుకే వైద్యం చేయొచ్చు. అవి ఉంటే చేపలన్నిటినీ వేరే ట్యాంకుకు మార్చి, పాత ట్యాంకును చేపలు లేకుండా నడపాలి.

వీలున్నంతవరకు నేను రెండోదే చేస్తాను. ఉప్పు ఎక్కువైతే మొక్కలు పాడవుతాయి, రాగి కలిసిన మందులకు రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. అడుగున రాళ్లు లేని ట్యాంకులో రాలిన గూళ్లను రోజూ పీల్చి పారేయడమూ సులువు.

వేరు ట్యాంకు సిద్ధం చేయడం

దీనికి అందం అక్కర్లేదు. 30–40 లీటర్ల గాజు ట్యాంకు గానీ, ఇంతకుముందు సబ్బు, రసాయనాలు వాడని ప్లాస్టిక్ టబ్బు గానీ చాలు. చేపలు పెద్దవైతే, ఎక్కువైతే అంతకు తగ్గ పెద్దది కావాలి. అడుగున ఇసుక, రాళ్లు వేయకండి. దాక్కోవడానికి ఒక పైపు ముక్క పెట్టండి. మూత ఉండాలి, భయపడ్డ చేప పైకెగురుతుంది. హీటరు, థర్మామీటరు, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు తప్పనిసరి.

ఇక్కడ చేపల్ని ఎక్కువగా చంపేది పరాన్నజీవి కాదు, అమ్మోనియా. కొత్త ఫిల్టరులో అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉండదు. అందుకే పాత ట్యాంకు ఫిల్టరులోని స్పాంజ్ ముక్కను తెచ్చి ఇందులో పెట్టండి. జబ్బు ట్యాంకు స్పాంజే కదా అని సందేహించకండి, ఈ చేపలకు ఆ జబ్బు ఇప్పటికే ఉంది. నీళ్లలో సగం పాత ట్యాంకువి, సగం క్లోరిన్ తీసేసిన కొత్తవి పోయండి. ఉష్ణోగ్రత రెండు ట్యాంకుల్లో ఒకేలా ఉండాలి.

ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో లెక్క వేసి కాగితం మీద రాసుకోండి. పొడవు, వెడల్పు, నీటి మట్టం ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడిటినీ గుణించి 1000తో భాగించాలి. 40 × 25 × 30 అయితే 30 లీటర్లు. పాత ట్యాంకులోనే వైద్యం చేస్తుంటే రాళ్లు, దుంగలు ఆక్రమించిన చోటు తీసేయాలి. మందు మోతాదు తప్పేది ఎక్కువగా ఇక్కడే, ట్యాంకు డబ్బా మీద రాసిన సైజును నమ్మి పోసినప్పుడు.

వేడి, ఉప్పు

నేను మొదట వాడేది ఈ రెండే. వేడి పెంచితే పరాన్నజీవి చక్రం త్వరగా తిరిగి, ఈదే దశకు త్వరగా వస్తుంది. 30 డిగ్రీల దగ్గర అది చాలావరకు పిల్లల్ని పెట్టలేకపోతుంది కూడా. అయితే వేడిని తట్టుకునే రకాలూ ఉన్నాయి కాబట్టి వేడి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

హీటరును ఒక్కసారిగా 30కి తిప్పేయకండి. రోజుకు రెండు డిగ్రీల చొప్పున పెంచండి. గోల్డ్‌ఫిష్‌లాంటి చల్లనీటి చేపలకు 30 వద్దు, వాటికి ఉప్పు మీదే ఎక్కువ ఆధారపడండి, రోజులు కూడా ఎక్కువ పట్టనివ్వండి. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర 7.5 మాత్రమే. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ తేడా పెద్దదే. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆగకూడదు. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉండండి.

ఉప్పు రెండు పనులు చేస్తుంది. ఈదే పిల్లల్ని దెబ్బతీస్తుంది. దాంతోపాటు చేపకు ఊరటనిస్తుంది. మంచినీటి చేప ఒంట్లోని లవణాలు బయటి నీళ్లకన్నా ఎక్కువ. చర్మానికి తూట్లు పడితే లవణాలు బయటికి పోతాయి, నీళ్లు లోపలికి వస్తాయి. నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ తేడా తగ్గి, చేపకు శ్రమ తగ్గుతుంది.

లీటరుకు 2 గ్రాములు నా మామూలు లెక్క. 30 లీటర్లకు 60 గ్రాములు. ఇంకేమీ కలపని ఉప్పును చెంచాతో కాకుండా త్రాసులో తూచండి, సన్న ఉప్పు చెంచాకు, కల్లుప్పు చెంచాకు బరువు ఒకటి కాదు. దాన్ని మూడు భాగాలు చేసి, 20 గ్రాములు ఒక మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి మెల్లగా పోయండి. 12 గంటలకు రెండో భాగం, ఇంకో 12 గంటలకు మూడోది. చేపలు బాగానే ఉంటే మర్నాడు లీటరుకు 3 గ్రాముల దాకా వెళ్లొచ్చు. గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్‌లు దీన్ని తేలిగ్గా తట్టుకుంటాయి. కోరీడోరస్, లోచ్‌లాంటి పొలుసుల్లేని చేపలు, సున్నితమైన టెట్రాలు ఉంటే లీటరుకు 1 గ్రాము దగ్గరే ఆగి, వాటి ఊపిరి వేగం గమనించండి. పక్కకు ఒరిగిపోతుంటే వెంటనే కొంత నీళ్లు మార్చండి.

నీళ్లు ఆవిరైతే ఉప్పు పోదు. తగ్గిన మేరకు మామూలు నీళ్లే పోయాలి. తీసి పారేసిన నీళ్లకు మాత్రమే లెక్క ప్రకారం ఉప్పు కలపాలి. 8 లీటర్లు మారిస్తే 16 గ్రాములు, అంతే. ప్రతిసారీ 60 గ్రాములు వేసుకుంటూ పోతే చేపలు చచ్చిపోతాయి.

రెండో రోజో మూడో రోజో చుక్కలు ఇంకా పెరిగినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి. వేడి వల్ల లోపల ఉన్నవి త్వరగా పెరిగి బయటపడుతున్నాయి. ఆ రోజున భయంతో ఇంకో మందు కలపడం చాలా ప్రమాదం.

మందు ఎప్పుడు?

ఐదారు రోజులకూ కొత్త చుక్కలు ఆగకపోయినా, చేపలు వేడినీ ఉప్పునూ తట్టుకోలేనివైనా మందుకు వెళ్లండి. ఇక్‌కు ఎక్కువగా వాడేవి మలకైట్ గ్రీన్, ఫార్మలిన్, లేదా రెండూ కలిసినవి. రెండూ ఘాటైన రసాయనాలే. చేతులకు గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి వాడండి, పిల్లలకు అందనివ్వకండి. తినే చేపలకు మలకైట్ గ్రీన్ అసలు వాడకూడదు. ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి గడ్డలాంటి మడ్డి కనిపిస్తే ఆ సీసా పారేయాల్సిందే, ఆ మడ్డి చేపలకు మరింత విషం.

పోసే ముందు ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. యూవీ దీపం ఉంటే ఆపండి. మలకైట్ గ్రీన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి ట్యాంకు లైటు తీసేయండి. ఫార్మలిన్ నీళ్లలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, వేడి నీళ్లలో దాని విషం కూడా ఎక్కువవుతుంది. అందుకే ఈ మందు పోసేటప్పుడు 30 డిగ్రీలు వద్దు, ముందే మెల్లగా 26 దగ్గరికి దించండి. మోతాదు సీసా మీద రాసినట్టే. పొలుసుల్లేని చేపలకు సగం మోతాదుతో మొదలుపెట్టి, మొదటి రెండు గంటలు ట్యాంకు ముందే కూర్చోండి.

రోజూ చేయాల్సింది

పెరిగిన జీవులు ఎక్కువగా చీకట్లో రాలతాయి. కాబట్టి పొద్దున్నే, మేత వేయకముందే, సన్నటి పైపుతో ట్యాంకు అడుగంతా అంగుళం వదలకుండా పీల్చండి. పావు వంతు నీళ్లు అలా బయటికి పోతాయి. అంతే వేడి ఉన్న, క్లోరిన్ తీసిన నీళ్లు నెమ్మదిగా పోయండి. ఉప్పు గానీ మందు గానీ మార్చిన నీళ్ల మేరకే కలపండి. ఇంత చిన్న పని అని తీసిపారేయకండి, మీరు పీల్చేసే ఒక్కో గూడులో కొన్ని వందల పిల్లలుంటాయి.

తర్వాత అమ్మోనియా చూడండి. సున్నా కన్నా పెరిగితే సాయంత్రం ఇంకోసారి నీళ్లు మార్చండి. మేత మామూలుగా వేసేదాంట్లో సగం చాలు, రెండు నిమిషాల్లో తినకుండా మిగిలింది తీసేయండి. ఎన్ని చుక్కలు, ఊపిరి ఎలా ఉంది, ఏం కలిపారు, ఎంత కలిపారు అన్నది రోజూ రాయండి. ఆరో రోజుకు జ్ఞాపకం మోసం చేస్తుంది, నోటుబుక్కు చేయదు.

ఎప్పుడు ఆపాలి? చివరి చుక్క మాయమైన రోజు నుంచి ఇంకో 7 రోజులు లెక్కపెట్టండి. మొత్తం కలిపి 14 రోజులకు తగ్గకూడదు. చల్లటి నీళ్లలో అయితే ఇంకా ఎక్కువ. ఆ వారంలో ఒక్క కొత్త చుక్క వచ్చినా లెక్క మళ్లీ మొదటికే. తర్వాత రోజుకు పావు వంతు చొప్పున మామూలు నీళ్లు మారుస్తూ ఉప్పు తగ్గించండి, వేడి కూడా మెల్లగా దించండి.

చుక్కలు కాకపోతే

వేరు ట్యాంకు ఇదే, మందు మాత్రం మారుతుంది. చుక్కలేమీ లేకుండా ఒళ్లు రాసుకుంటూ, ఒకవైపు మొప్ప మూసి ఉంచుతుంటే ఫ్లూక్స్ అనే సన్నటి పురుగులు కావచ్చు. కచ్చితంగా తేల్చడానికి మైక్రోస్కోపు కావాలి. వీటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు వాడతారు, లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర. గుడ్లు పెట్టే రకం ఫ్లూక్స్ గుడ్ల మీద అది పని చేయదు కాబట్టి వారానికి మళ్లీ వేయాలి. ఒంటి నుంచి దారం వేలాడుతున్నట్టుంటే యాంకర్ వార్మ్. పేరులో పురుగున్నా రొయ్యల జాతిది. పట్టకారుతో మొదలు దగ్గర పట్టుకుని లాగి తీసినా, నీళ్లలో దాని పిల్లలుంటాయి. వాటికి డైఫ్లుబెంజురాన్ ఉన్న మందు వాడతారు, రొయ్యలున్న ట్యాంకులో అది పోయకూడదు. వెల్వెట్‌కు వేడి, ఉప్పు, మందుతోపాటు ట్యాంకును చీకటిగా ఉంచడం సాయపడుతుంది, ఆ జీవి కొంత ఆహారాన్ని వెలుతురుతో తయారు చేసుకుంటుంది. సముద్రపు చేపల తెల్ల చుక్కలు పూర్తిగా వేరే జీవి, ఇక్కడ చెప్పిన ఉప్పు లెక్క దానికి పనికిరాదు.

పాత ట్యాంకు, వలలు, కొత్త చేపలు

చేపలు లేని పాత ట్యాంకులో నీళ్లు 27–28 డిగ్రీల దగ్గర ఉంచి ఫిల్టరు నడపండి. చేప దొరక్క పిల్లలు చస్తాయి. కొద్ది రోజులే చాలంటారు గానీ, ఎలాగూ చేపలు రెండు వారాలు బయటే ఉంటాయి కాబట్టి ఆ రెండు వారాలూ ఖాళీగా ఉంచండి. ఫిల్టరులోని బ్యాక్టీరియా ఆకలితో చావకుండా రెండు రోజులకోసారి చిటికెడు మేత వేయండి. చేపలు తిరిగి వెళ్లాక వేరు ట్యాంకు స్పాంజ్‌ను వెనక్కి తీసుకెళ్లకండి.

వల, పైపు, బకెట్ రెండు ట్యాంకులకూ వేరువేరుగా ఉండాలి. తడి వలతో జబ్బు పక్క ట్యాంకుకు పాకుతుంది. వాడినవాటిని కడిగి పూర్తిగా ఎండబెట్టండి, ఆరిపోతే ఈ జీవి బతకదు. ఇక్ మనుషులకు అంటదు గానీ, అక్వేరియం నీళ్లలో చర్మానికి సోకే బ్యాక్టీరియా ఉండొచ్చు. చేతి మీద గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా నీళ్లలో పెట్టకండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు వేరు ట్యాంకు ఖాళీ అయింది కదా, దాన్ని అటక ఎక్కించకండి. ఇకపై కొనే ప్రతి చేపనూ ముందు అందులోకే దించండి. సంచిలో వచ్చిన నీళ్లు ఏ ట్యాంకులోనూ పోయకండి, చేపను మాత్రమే వలతో తీయండి. 4 వారాలు అక్కడే ఉంచి, వారానికోసారి టార్చి వేసి చూడండి. కొత్త మొక్కలు, నత్తల మీద కూడా గూళ్లు అతుక్కుని రావచ్చు, వాటిని చేపలు లేని గోరువెచ్చటి నీళ్లలో రెండు వారాలు ఉంచితే సరిపోతుంది. ఆ 4 వారాల మధ్యలో ఇంకో కొత్త చేప తెచ్చి అందులో కలిపితే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.